మా అమ్మ తాగేది

ఈ మాట రాయవచ్చా అని అడిగినప్పుడు అమ్మ కనకాంబరాలు కడుతోంది. తల ఎత్తకుండానే, "రాయి. నా పేరు మాత్రం వద్దు, అది మాకు నియమం" అన్నది. నియమమన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ వారిది, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు పేర్లు బయటపెట్టకుండా ఒకరికొకరు తోడుండే సంఘం వారిది. ఆవిడ అందులో చేరి తొమ్మిదేళ్లు కావస్తోంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన వార్త అక్షరాస్యతా తరగతుల ద్వారా ఊరూరికీ పాకినప్పుడు, కర్నూలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లోనూ ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకొని బయలుదేరారట. వాళ్లలో ఇరవై రెండేళ్ల అమ్మ కూడా ఉంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని ఎత్తివేత, ఇవన్నీ ఆవిడకు ఇప్పటికీ కంఠోపాఠం. అయితే ఆ ఉద్యమంలో తాగేది మగవాడు, ఏడ్చేది ఆడది. ఆడదే తాగితే ఏం చేయాలో అప్పుడెవరూ ఆలోచించినట్లు లేదు. అందుకే ఏళ్ల తర్వాత తనకే ఆ జబ్బు వచ్చినప్పుడు, ఒకనాడు తనతో కలిసి నినాదాలిచ్చిన స్నేహితురాలికి కూడా అమ్మ నోరు విప్పి చెప్పుకోలేకపోయింది.

నాన్న పోయిన ఏడాది నిద్ర పట్టక, ఆయన బీరువాలో మిగిల్చి వెళ్లిన క్వార్టర్ సీసాతో మొదలైంది. తర్వాత సీసా బియ్యం డబ్బా అడుగుకు చేరింది, నోట ఎప్పుడూ వక్కపొడి ఉండేది. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి మగవాడు తాగినంతే తాగినా రక్తంలో మద్యం ఎక్కువగా చేరుతుందనీ, కాలేయం త్వరగా దెబ్బతింటుందనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు తెలిసిందల్లా కోపం. మా మామ అయితే "బయటికి తెలిస్తే పరువు పోతుంది, ఊరుకో" అనేవాడు, ఆ పరువు కోసం మేము ఏడేళ్లు ఊరుకున్నాము.

2016లో ఒక సాయంత్రం సీసాలన్నీ తూములో పారబోసి, అమ్మను గదిలో ఉంచి బయట గొళ్లెం పెట్టాను. మూడు రోజులు కట్టడి చేస్తే అదే పోతుందని నిజంగా నమ్మాను. మొదటి రాత్రి ఒళ్లంతా చెమటలు, గ్లాసు పట్టుకోలేనంత వణుకు. రెండో రోజు సాయంత్రం తలుపు తీసేసరికి అమ్మ నేల మీద కూర్చొని, చీర కుచ్చిళ్ల మీద లేని చీమలను ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెడుతోంది. "చూడు, ఎన్ని పట్టినాయో" అని నాకు చూపించింది. కాసేపటికే ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను కసరలేదు, పక్కన కూర్చోబెట్టి వివరించారు. ఏళ్ల తరబడి మద్యం మెదడును మందగింపజేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోతుందట. ఒక్కసారిగా మద్యం ఆపేస్తే ఆ ఉద్రేకానికి పగ్గం ఉండదు. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో మతి తప్పే స్థితి వచ్చి ప్రాణం కూడా పోవచ్చు. అమ్మకు ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాతే గ్లూకోజు ఎక్కించారు. ఆ ఉద్రేకాన్ని అణచే క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు రోజురోజుకూ తగ్గిస్తూ వచ్చారు. ఇంట్లో ఎవరైనా రోజూ తాగేవారుంటే దయచేసి నేను చేసిన పని చేయకండి. మానిపించండి, కానీ డాక్టరు చేతుల మీదుగా మానిపించండి.

ఒళ్లు పది రోజుల్లో తేరుకుంది. అయినా ఆ దసరాకే మళ్లీ తాగింది. డాక్టరు సలహా మీద నేనే ఆవిడను ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదటి సమావేశానికి తీసుకెళ్లాను. ఇరవై మంది దాకా మగవాళ్లు, ఆడమనిషి అమ్మ ఒక్కతే. తలుపు పక్క కుర్చీలో కొంగు కప్పుకొని కూర్చుంది. నాలుగో వారం లేచి నిలబడి "నేను తాగుడు రోగిని" అని చెప్పిన రోజు, ఇంటికొచ్చి రెండు ముద్దల సంగటి అడిగి తిన్నది. అలా అడిగి తినడం నాన్న పోయాక అదే మొదలు.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఈ సంస్థ పుట్టిన తీరు అమ్మకు చాలా ఇష్టం. తాగుడు మానిన ఒక వ్యాపారి, ఆ పరాయి ఊళ్లో మళ్లీ తాగాలన్న కోరిక తన్నుకొస్తే, తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడితే తప్ప నిలవలేనని వెతుక్కుంటూ వెళ్లి ఒక డాక్టరును కలిశాడు. "అతను వెళ్లింది ఆ డాక్టరును బాగుచేయడానికి కాదు, తను బతకడానికి" అంటుంది అమ్మ. తను వేరేవాళ్ల ఇళ్లకు వెళ్లడం కూడా అందుకేనని నాతో చాలాసార్లు చెప్పింది.

ఇప్పటిదాకా అలా ఎంతోమంది ఇళ్లకు వెళ్లింది. ఎక్కువ మంది కూలి పనులకు వెళ్లే ఆడవాళ్లు. బేతంచెర్ల వైపు నాపరాళ్లు మోసే ఒకామె, "ఒళ్లు నొప్పులకని మొదలుపెడ్తి అక్కా, ఇప్పుడు పొద్దున్నే లేకుంటే చేతులు ఆడవు" అన్నది. అమ్మ ఆమెకు నీతులేవీ చెప్పలేదు. తన చేతులు చాపి, ఇవి కూడా ఆడేవి కావని, పూల దారం ముడి కూడా పడేది కాదని చెప్పింది. ఉన్నపళంగా మానొద్దని చెప్పి, తనే వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఇల్లు దాటలేని వాళ్లకు తాగుడు మానడానికి ఫోనులో సాయం చేసే 14446 ఉచిత నంబరు కాగితం మీద రాసి, మగవాళ్ల కంట పడకుండా పోపుల డబ్బాలో పెట్టుకోమంటుంది.

ఆ బేతంచెర్ల ఆమె సంక్రాంతి తర్వాత మళ్లీ తాగిందని నిన్న రాత్రి ఫోను వచ్చింది. అమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు, "నాకూ దసరాకు అయింది, పొద్దున్నే వస్తాను, అంతవరకు పడుకో" అన్నది. ఈ పొద్దున్న ఉగ్గాని డబ్బాలో సర్దుకొని ఏడు గంటల బస్సు ఎక్కింది.