ఫార్మాట్ కొట్టించే ముందు

పర్లాకిమిడిలో గానీ గుణుపురంలో గానీ కంప్యూటర్ మొరాయిస్తే మొదట వినిపించే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". సినిమాలు చూసుకునే మెషీన్ అయితే కానివ్వండి, పోయేదేమీ లేదు. మన వైపు ఇళ్లలో ఉన్న డెస్క్‌టాప్‌లలో చాలావాటితో వీధి గదిలో నాలుగు డబ్బులు వచ్చే పని నడుస్తుంటుంది. ఒడియా అర్జీలు టైపు చేసే ఆకృతి సాఫ్ట్‌వేర్, తెలుగు పెళ్లికార్డులు టైపు చేసే అను స్క్రిప్ట్, రెండింటికీ వేరువేరు కీబోర్డు లేఅవుట్లు, పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్, లేజర్ ప్రింటరు, వేలిముద్ర మెషీను, అన్నీ దానిమీదే. ఫార్మాట్ కొడితే విండోస్ గంటలో ఎక్కేస్తుంది. మిగతావన్నీ మళ్లీ కుదురుకోవడానికే రోజులు పడుతుంది. ఒడియా ఫాంట్లు తెలిసినవాడికి తెలుగు లేఅవుట్ తెలీదు, తెలుగు తెలిసినవాడి కోసం శ్రీకాకుళం ఫోన్ చెయ్యాలి.

నిన్నటిదాకా బాగా నడిచిన మెషీన్ ఇవాళ తేడాగా ఉందంటే మధ్యలో ఏదో మారిందన్నమాట. అప్‌డేట్ కావచ్చు, డ్రైవరు (ప్రింటరు లాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్) కావచ్చు, పిల్లలు దింపిన ఏదో సాఫ్ట్‌వేర్ కావచ్చు. విండోస్ నెలవారీ అప్‌డేట్లు అమెరికాలో రెండో మంగళవారం పగలు విడుదలవుతాయి, మనకప్పుడు రాత్రి. ఆ బుధ, గురువారాల్లో ప్రింటరు పలక్కపోతే ముందు అనుమానించాల్సింది ఆ అప్‌డేట్‌నే. అలాంటి మార్పును వెనక్కి తిప్పడానికే సిస్టమ్ రిస్టోర్ ఉంది. 2000లో విండోస్ మిలీనియంతో వచ్చింది, విండోస్ 10, 11లలోనూ ఉంది. చిక్కల్లా ఒక్కటే: చాలా మెషీన్లలో అది ఆఫ్‌లో ఉంటుంది. ఆఫ్‌లో ఉంటే వెనక్కి వెళ్లడానికి రిస్టోర్ పాయింటే (ఫలానా రోజు సిస్టమ్ ఎలా ఉందో దాచిపెట్టిన గుర్తు) ఉండదు. అందుకని మెషీన్ బాగున్న రోజే దీని సంగతి చూడాలి.

స్టార్ట్ నొక్కి సెర్చ్‌లో "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని ఇంగ్లీషులో కొట్టండి. తెరుచుకునే చిన్న పెట్టెలో సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్ కింద డ్రైవుల పట్టిక ఉంటుంది. సీ డ్రైవు ఎదురుగా "ఆఫ్" అని ఉంటే దాన్ని ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి, "టర్న్ ఆన్ సిస్టమ్ ప్రొటెక్షన్" పెట్టండి. కింద మ్యాక్స్ యూసేజ్ స్లైడరు సున్నా దగ్గర ఉంటే ఆన్ చేసినా ప్రయోజనం లేదు. 5 శాతం దగ్గర పెట్టండి. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ మొత్తం సీ డ్రైవే అయితే అది 12 జీబీ దాకా వస్తుంది, సరిపోతుంది. 100 జీబీ సీ డ్రైవు ఉన్న పాత హార్డ్ డిస్కుకైతే 8 శాతం ఇవ్వండి. కోటా నిండితే పాతవి వాటంతటవే పోతాయి. ఫొటోలూ ఫైళ్లూ మాత్రమే దాచే డీ డ్రైవుకు ఇది అక్కర్లేదు.

ఆ తర్వాత క్రియేట్ నొక్కి పాయింటుకి పేరు ఇవ్వండి. తేదీ అదే వేసుకుంటుంది, మీరు కారణం రాయండి: "ప్రింటర్ డ్రైవరు ముందు", "ఆకృతి, అను రెండూ పనిచేస్తున్నాయి". ఆరు నెలల తర్వాత పట్టికలో "టెస్ట్", "టెస్ట్ 2" అని కనిపిస్తే ఏది ఎంచుకోవాలో మీకే తెలీదు. పాయింట్లు ఎప్పటికీ ఉండిపోతాయనుకోకండి. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో 60 రోజులు దాటినవి పోతాయి, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ అప్‌డేట్ ఎక్కితే పాతవి మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి. పెద్ద అప్‌డేట్ కాగానే ప్రొటెక్షన్ ఇంకా ఆన్‌లోనే ఉందో లేదో ఓసారి చూసి కొత్త పాయింటు పెట్టుకోవడం మంచిది.

రిస్టోర్ వెనక్కి తిప్పేవి సిస్టమ్ ఫైళ్లు, రిజిస్ట్రీ (విండోస్ తన సెటింగులు రాసుకునే చిట్టా), డ్రైవర్లు, ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాములు. ఫొటోలు, వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, పెళ్లికార్డుల డిజైన్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అయితే పాయింటు తర్వాత దింపిన సెటప్ ఫైళ్లు డెస్క్‌టాప్ మీద ఉన్నా మాయమవ్వచ్చు, వాటిని ముందే పెన్ డ్రైవులోకి తీసుకోండి. పాయింటు తర్వాత వేసిన ఫాంట్లు, డాంగిల్ డ్రైవర్లు మళ్లీ వెయ్యాల్సి రావచ్చు. లాగిన్ పాస్‌వర్డ్ ఈమధ్య మార్చి ఉంటే పాతది కూడా ఓ కాగితం మీద రాసుకోండి.

ఇక అసలు పని. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఆర్-ఎస్-టి-ఆర్-యు-ఐ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. పట్టికలో ఒకటో రెండో పాయింట్లే కనిపిస్తే కింద "షో మోర్ రిస్టోర్ పాయింట్స్" దగ్గర టిక్ పెట్టండి. తేడా మొదలైన రోజుకు సరిగ్గా ముందున్నదాన్ని ఎంచుకోండి. ఎంత వెనక్కి వెళ్తే అంత మంచిదని చాలామంది అనుకుంటారు, వెనక్కి వెళ్లేకొద్దీ పోగొట్టుకునేవే ఎక్కువ. "స్కాన్ ఫర్ ఎఫెక్టెడ్ ప్రోగ్రామ్స్" నొక్కితే ఏవి పోతాయో, ఏవి తిరిగొస్తాయో రెండు పట్టికలు చూపిస్తుంది. అందులో అను పేరో ఆకృతి పేరో ఉంటే, వాటి సెటప్, లైసెన్సు చేతిలో ఉన్నాయని తేల్చుకున్నాకే ఫినిష్ నొక్కండి.

మెషీన్ రీస్టార్ట్ అయి నల్ల తెర మీద సున్న తిరుగుతూ, రిజిస్ట్రీ రిస్టోర్ అవుతోందని చూపిస్తుంది. కంగారు పుట్టేది ఇక్కడే. ఎస్‌ఎస్‌డీ మీద పావుగంటలో అయిపోవచ్చు, పాత హార్డ్ డిస్కు మీద గంట దాటినా ఆశ్చర్యం లేదు. తెర కదలకపోయినా క్యాబినెట్ ముందున్న డిస్కు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే పని జరుగుతున్నట్టే. పవర్ బటన్ జోలికి వెళ్లకండి. రిజిస్ట్రీ సగం రాసి ఆగిపోతే, అప్పుడు నిజంగానే ఫార్మాట్ కొట్టాల్సి వస్తుంది.

పూర్తయ్యాక సమస్య తీరిందో లేదో వెంటనే చూడండి. తీరకపోతే అదే పెట్టెలో "అన్‌డూ సిస్టమ్ రిస్టోర్" ఉంటుంది. తీరితే సెటింగ్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లను ఓ వారం పాజ్ చెయ్యండి. ఈ పని మరిచిపోతే ఆ రాత్రే అదే అప్‌డేట్ మళ్లీ ఎక్కి, పొద్దున్నకి కథ మొదటికొస్తుంది.

మధ్యలో 0ఎక్స్80070005 అని ఎర్రర్ వస్తే చాలాసార్లు కారణం యాంటీవైరస్, ఫైళ్లను మార్చనివ్వదు. కాసేపు ఆపి మళ్లీ చెయ్యండి. ఆపినా కుదరకపోతే, అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో చెయ్యాలి: షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం తెర వస్తుంది, అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెటింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత 4 అంకె. సేఫ్ మోడ్‌లో చేసిన రిస్టోర్‌కు అన్‌డూ ఉండదు. మెషీన్ అసలు లేవకపోతే, వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్ డ్రైవు తయారుచేసి, దాంతో బూట్ చేసి, ఇన్‌స్టాల్ జోలికి పోకుండా "రిపేర్ యువర్ కంప్యూటర్" ఎంచుకుంటే అదే నీలం తెర, అదే సిస్టమ్ రిస్టోర్. కొత్త ల్యాప్‌టాప్ అయితే అక్కడ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడగొచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపతను ఎవరి మెయిల్ ఐడీతో సెటప్ చేశాడో ఇవాళే కనుక్కోండి.

పాయింట్లు ఒక్కటీ లేవా? ఆ నీలం తెరలోనే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" ఉంది, చివరి అప్‌డేట్ ఒక్కటీ తీసేస్తుంది. ప్రింటరో గ్రాఫిక్సో అయితే డివైస్ మేనేజర్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్". పెద్ద వెర్షన్ అప్‌డేట్ వల్ల చెడితే 10 రోజుల్లోపు రికవరీ పేజీలో "గో బ్యాక్" పనిచేస్తుంది, ఆ తర్వాత పాత విండోస్ ఫోల్డరు తుడిచేస్తుంది.

వైరస్ పట్టిన మెషీన్‌కు రిస్టోర్‌ని నమ్ముకోకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకాలు ముందు ఈ పాయింట్లనే చెరిపేస్తాయి. డిస్కు పోయినా అంతే, పాయింట్లుండేది అదే డిస్కులో కదా. డిస్కు ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాము పసుపు రంగులో "కాషన్" చూపిస్తే రిస్టోర్ మాట పక్కనపెట్టి ఫైళ్లు బయటి డిస్కులోకి ఎత్తేయండి.

ఒకటే మెషీన్‌లో విండోస్ పదేపదే చెడుతుంటే కరెంటును కూడా అనుమానించాలి. అప్‌డేట్ రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు సగంలో ఆగిపోతాయి, గాలివానల రోజుల్లో మన జిల్లాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. 600 వీఏ యూపీఎస్ మామూలు డెస్క్‌టాప్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసుకునేంత సేపు నిలబెడుతుంది. కానీ అందులోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకే అయిపోతుంది, పైన లైటు వెలుగుతోందని భరోసా పడకండి. మెషీన్ ఆఫ్ చేసి యూపీఎస్‌కు ఓ బల్బు తగిలించి, గోడ స్విచ్ తీసి చూస్తే తెలిసిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీదే నడిపేవాళ్లు వెనక ఉన్న మోడ్ స్విచ్ యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. రెండోవైపు ఉంటే కరెంటు మారే ఆ రెప్పపాటులోనే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అయిపోతుంది.