అద్దానికి అతుక్కున్న నాయనమ్మ ఫొటో: మూడో ప్రయత్నం

ఫొటో ఇంకా అద్దం నుంచి ఊడలేదు, దాని కాపీ కూడా కోరుకున్నట్టు రాలేదు. అయినా నాయనమ్మ ఎడమ చెంప చెరిగిపోలేదని ఈ ఆదివారం మొదటిసారి నమ్మకం కలిగింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు మందస దగ్గరి మా ఇంటి పెంకులు లేచిపోయి, గోడకున్న పటాలన్నీ రోజుల తరబడి నానాయి. ఫొటో బొమ్మను పట్టి ఉంచే జిగురులాంటి జెలటిన్ పొర తడిసి ఉబ్బి, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టేసింది. నాయనమ్మకు ఉన్నది ఈ ఒక్క ఫొటోయే: 6×8 అంగుళాల నలుపు తెలుపు ప్రింటు, దాని మీద చేత్తో అద్దిన రంగులు. అతుక్కున్న భాగం 11×7 సెంటీమీటర్లు ఉంది, దాని అంచు సరిగ్గా ఎడమ కనుబొమ నుంచి గడ్డం వరకు దిగుతుంది. నీళ్లలో నానబెడితే ఊడుతుందని ఒక స్టూడియోలో చెప్పారు. మామూలు ప్రింటయితే సాహసించేవాడినేమో గాని, పైన అద్దిన రంగు నీళ్లకు ఆగుతుందన్న భరోసా లేదు. "మా అమ్మ ముఖం మీద నీళ్లు పొయ్యకు బాబూ, అద్దంతోనే ఉండనీ" అని మేనత్త అన్నాక ఆ ఆలోచన పూర్తిగా మానుకున్నాను.

అద్దంతో సహా కాపీ తీయాలనుకున్నాను. మొదటిసారి సీఐఎస్ స్కానరు (గాజుకు ఆనిన కాగితాన్నే స్పష్టంగా చూసే పలుచని రకం) మీద పెడితే, మధ్యలో 2 మిల్లీమీటర్ల పటం అద్దం ఉన్నందువల్ల కనురెప్పలు అలికినట్టు వచ్చాయి. ఇలాంటి పనికి కాస్త ఎత్తులో ఉన్నదాన్నీ స్పష్టంగా చూసే, ఎప్సన్ వి600 వంటి సీసీడీ స్కానరే నయం. రెండోసారి 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీస్తే వివరం దక్కింది కాని, అతుకు అంచు వెంట ఇంద్రధనుస్సు రంగుల వలయాలు పడ్డాయి. తెల్లటి సీలింగు ప్రతిబింబించడమే కారణమనుకుని కెమెరా చుట్టూ నల్ల గుడ్డ కట్టగానే అవి పోయాయి.

పోనిది ముఖాన్ని రెండుగా చీల్చే చార. అతుక్కున్న వైపు చెంప గ్రే విలువ (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) 118 ఉంటే, అతుక్కోని వైపు 142 ఉంది. అతుక్కోని వైపు రంగు కడుక్కుపోయిందేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఈసారి ఫొటో తలంతో దీపాల కోణాన్ని 45 డిగ్రీల నుంచి 30కి దించి, అతుక్కున్న వైపు 118 దగ్గరే నిలిచేలా ఎక్స్‌పోజరు సరిచేసి చూస్తే, రెండో వైపు 133కి తగ్గింది. రంగే పోయి ఉంటే దీపం కదిపినంత మాత్రాన తేడా 24 నుంచి 15కి దిగదు. కాబట్టి అందులో ఎక్కువ భాగం, అద్దానికీ ఫొటోకూ మధ్య గాలి ఉన్నచోట ప్రింటు గరుకు ఉపరితలం మీద చెదిరే కాంతి తెలుపేనని నా ఊహ. 20 డిగ్రీలకు దించితే మాత్రం ప్రింటు ముడతలకు నీడలు పడ్డాయి.

ఫొటోలు బాగుచేసే ఫోను యాప్‌లను ఈ పనికి నేను ముట్టుకోను. అవి పోయిన చెంపను తామే ఊహించి గీస్తాయి, అది మా నాయనమ్మ చెంప కాదు.



ఆ చెదిరే తెలుపును ఆపడానికి లెన్స్‌కు మాత్రమే పోలరైజర్ (ఒకే దిశలో కంపించే కాంతిని పంపే ఫిల్టరు) తగిలిస్తే ఫలితం దాదాపు కనబడలేదు. అందుకే వచ్చే వారం రెండు దీపాలకూ పోలరైజింగ్ షీట్లు ఒకే దిశలో బిగించి, ఫొటో పక్కన స్టీలు చెంచా పెట్టి, దాని మెరుపు పూర్తిగా నల్లబడేవరకు లెన్స్ ఫిల్టరు తిప్పి మళ్లీ తీస్తాను. రెండు వైపుల గ్రే విలువల తేడా 5 లోపుకు వస్తే ఆ కాపీని ముందుగా మేనత్తకు చూపించి, తర్వాత జిగురు పేజీల పెళ్లి ఆల్బంకు కాపీ తీయడం మొదలుపెడతాను.