పెంపకం మీద పుస్తకం వేశాను, 47వ పేజీ దగ్గర దొరికిపోయాను

పోస్టాఫీసులో పార్సెళ్లు ఇచ్చి ఇప్పుడే ఇంటికొచ్చాను. వేడి చల్లారకముందే రాసేస్తున్నా. నాలాగా సొంత డబ్బుతో పుస్తకం వేసుకునేవాళ్లకు పనికొస్తుంది.

మాది హనుమకొండ. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. పిల్లల పెంపకం మీద రాసిన వ్యాసాలు ఇరవై రెండు పోగయ్యాయి. ఈ విషయం మీద మన దగ్గర అమ్ముడుపోయేవాటిలో చాలావరకు అమెరికా పుస్తకాలకు నకళ్లే. అలిగిన పిల్లవాణ్ని వాడి గదిలోకి పంపమంటాయి. ఉన్నవి రెండు గదులు, ఒకదాంట్లో నానమ్మ పడుకుని ఉంటే వాణ్ని ఎక్కడికి పంపాలి? గుజరాత్ విద్యావేత్త గిజుభాయి బధేకా అలాంటివాడు కాదు. వకీలుగా బతుకుతున్న మనిషి, కొడుకు పుట్టాక వాడి చదువు గురించి ఆలోచించడం మొదలుపెట్టి, ఆ వృత్తి వదిలేసి, 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. నేనూ ఆ దారిలోవాణ్నే అనుకునేవాణ్ని.

ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకం గుర్తింపు నంబరుకు, రూపాయి ఖర్చు లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ పదమూడు అంకెలు ఇప్పిస్తామని రెండు వేలు అడిగే ఏజెంట్లకు దండం పెట్టి పక్కకు జరగండి.

డీటీపీ దగ్గర జాగ్రత్త. ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టి ఇస్తే, వాళ్లు తమ ‘అను’ అనే తెలుగు ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. ప్రతి అక్షరం మళ్లీ చూసుకోవాల్సిందే.

ముందుమాట కోసం మాత్రం పెద్దమనుషుల వెంట పడకండి. నేను ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్ గారి ఇంటికి రెండు నెలల్లో నాలుగుసార్లు తిరిగాను. మూడుసార్లు పూజలో ఉన్నారు. నాలుగోసారి ‘ఫైనల్ ప్రూఫ్ పంపండి, చూస్తా’ అన్నారు.

ఇక అసలు కథ. మొదటి ప్రూఫ్ కరీంనగర్‌లో ఉన్న మా బిడ్డకు పంపాను. కొత్త కళ్లకు తప్పులు తొందరగా దొరుకుతాయి. వారంలో ఎర్రపెన్ను గీతలతో తిరిగొచ్చింది. పరకాలలో పెళ్లికి పోయే తొందరలో, కవర్ తెరిచి చూడకుండానే డీటీపీ షాపులో ఇచ్చేశాను. సాయంత్రం ఆ అబ్బాయి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు. అదీ చూడకుండానే ప్రిన్సిపాల్ గారికి ఫార్వర్డ్ చేశాను. నా పుస్తకంలో ‘ఓపిక’ అని ఒక అధ్యాయం కూడా ఉంది.

మర్నాడు ఉదయం ఆయనే ఫోన్ చేశారు. రెండు నెలల్లో అదే మొదటిసారి. ‘సార్, 47వ పేజీ చదివి కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఇంత ధైర్యం ఎవరికుంటది? ముందుమాట రాత్రే రాసిన, మొత్తం దాని మీదనే.’

47వ పేజీలో ఏముందబ్బా అని తెరిచాను. పిల్లల్ని పక్కవాళ్లతో పోల్చవద్దన్న వ్యాసం. ‘నేను నా పిల్లల్ని ఎన్నడూ ఎవరితోనూ పోల్చలేదు’ అని రాశాను. దాని వెంబడే, అదే ఫాంట్‌లో, అదే సైజులో: ‘అబద్ధం. ఇంటర్ రిజల్ట్స్ నాడు అరుగు మీద ఏమన్నవో యాది చేసుకో బాపూ.’

షాపుకు ఉరికాను. ‘అక్క ఎర్రపెన్నుతో రాసింది గదా సార్, కరెక్షన్ అనుకొని ఎక్కించిన’ అన్నాడు ఆ అబ్బాయి. వాడి తప్పేమీ లేదు. పెళ్లికార్డు కొట్టించుకోవడానికి వచ్చినాయన వాడి భుజం మీదుగా స్క్రీన్ మీది లైను చదివి, తిరిగి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ‘ఏమన్నరు సార్ ఆనాడు?’ అన్నాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నా నోరు అట్ల పడిపోలేదు.

ఇంటికొచ్చి బిడ్డకు ఫోన్ చేసి గట్టిగానే అరిచాను. ఆమె మెల్లగా చెప్పింది. ‘మీ దోస్తు బిడ్డకు 960, నాకు 712. వాళ్ల బిడ్డ డాక్టరయితది, మా బిడ్డ యాడనో కౌంటర్ల కూసుంటదన్నవ్. నేను తలుపెనుక ఉన్న.’ ఇప్పుడు ఆమె బ్యాంకులో పనిచేస్తోంది. కౌంటర్‌లోనే.

నాకు నిజంగా గుర్తులేదు. ‘నాకు యాదికున్నది’ అంది మా ఆవిడ వంటింట్లోంచి, అడక్కుండానే.

ఆ లైను తీసేద్దామనే అనుకున్నా. తీసేస్తే ముందుమాట దేని గురించో ఎవరికీ అర్థం కాదు. ఇంకో ముందుమాట అంటే ఇంకో రెండు నెలల పూజలు. నిజాయితీ, ధైర్యం అని ఎవరైనా పొగిడితే నమ్మకండి, ముందుమాట కోసమే ఉంచాను. 112 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు ఏడు, 500 కాపీలు. 47వ పేజీ అట్లాగే అచ్చయింది.

ఇంకొక పని చాలామంది మరిచిపోతారు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కోటి మన ఖర్చుతోనే పంపాలి. ఈరోజు వేసింది ఆ నాలుగు పార్సెళ్లే. నా అబద్ధం నాలుగు మహానగరాల్లో భద్రంగా ఉంటుంది.

కరీంనగర్ కాపీ మాత్రం పోస్టులో వేయలేదు. ఆదివారం బస్సులో నేనే తీసుకుపోతున్నా. మా ఆవిడ కూడా వస్తానంటోంది. వద్దన్నా వస్తుంది.