చెక్కపని బెంచ్‌కి వైస్ ఏది, ఎక్కడ

వైస్ అంటే చెక్కని రెండు దవడల మధ్య స్క్రూతో బిగించి పట్టుకునే పరికరం. ఒక్క వైసే పెట్టుకునే వీలుంటే కళ్ళు మూసుకుని ఫ్రంట్ వైస్ (బెంచ్ ముందు అంచుకి బిగించేది) పెట్టుకోండి, కుడిచేతి వాటమైతే బెంచ్‌కి ఎడమ చివర, ఎడమచేతి వాటమైతే కుడి చివర. ఇనుప పనికి వాడే వైస్ మాత్రం వద్దు, దాని దవడల గరుకు చెక్క మీద అచ్చు పడిపోతుంది, పైగా బల్ల మీద ఎత్తుగా కూర్చుని చిత్రికకి అడ్డమొస్తుంది.

ఏ కంపెనీది కొన్నామన్నదాని కంటే ఎలా బిగించామన్నదే ముఖ్యం అంటాను నేను. లోపలి దవడ ముఖం బెంచ్ అంచుతో సమంగా ఉండాలి, బయటికి పొడుచుకు రాకూడదు. సమంగా ఉంటేనే పొడవాటి పలక అంచు చిత్రిక పట్టేటప్పుడు పలక మొత్తం బెంచ్‌కి ఆనుకుంటుంది, రెండో చివర కింద బెంచ్ కాలికి ఒక పెగ్ (పలకని మోసే కొయ్య మేకు) పెడితే ఇంక కదలదు. దవడ ముందుకొస్తే పట్టు ఆ ఒక్క చోటే, చిత్రిక తోసినప్పుడల్లా పలక ఊగుతూనే ఉంటుంది. ఇనుప దవడల పైఅంచు బెంచ్ పైభాగం కంటే కాస్త కిందికే ఉంచి లోపల చెక్క తొడుగులు వేసుకోండి, చిత్రిక బ్లేడ్ బతుకుతుంది.

ఇంకో తలనొప్పి ఏంటంటే స్క్రూ మధ్యలో ఉంటుంది కదా, డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారంలో రెండు పలకల్ని మూలలో కలిపే అతుకు) కోయడానికి పలకని నిలువుగా పెట్టాలంటే ఒక పక్కకే పెట్టాలి, బిగించగానే దవడ వంకరగా తిరిగి రెండో పక్క మూసుకుపోతుంది, పట్టు ఉండదు, ఇంకా బిగిస్తే దవడని తిన్నగా నడిపించే గైడ్ రాడ్లు అరిగిపోతాయి. సరిగ్గా అదే మందం ఉన్న ముక్క ఒకటి రెండో పక్క పెట్టండి, అంతే! 12, 18, 25 మి.మీ. ముక్కలు తాడుకి గుచ్చి వైస్ పక్కనే వేలాడదీసుకున్నా నేను, పని ఆపి వెతుక్కోవాల్సిన పని లేదు.

డవ్‌టెయిల్స్ బాగా ఎక్కువ చేసేవాళ్ళకి మాక్సన్ వైస్ నిజంగా హాయి, 17వ శతాబ్దంలో జోసెఫ్ మాక్సన్ తన పుస్తకంలో చూపించిన రకం అది, రెండు చివర్లా రెండు స్క్రూలు ఉంటాయి కాబట్టి మధ్యలో ఏ అడ్డూ ఉండదు, బెంచ్ పైన పెడతాం కాబట్టి నడుం వంచక్కర్లేదు. లెగ్ వైస్ (బెంచ్ కాలికి బిగించే పొడవాటి దవడది) పట్టు మహా గట్టిది, కాకపోతే చెక్క మందం మారితే దవడ కింది చివరని సమంగా ఉంచే పిన్ కూడా మార్చాలి. పలకల ముఖం చిత్రిక పట్టే పని ఎక్కువుంటే ఎండ్ వైస్ (బెంచ్ చివర బిగించేది), బెంచ్ మీద 19 మి.మీ. రంధ్రాలు, వాటిలో డాగ్స్ (పలకని కదలకుండా ఆపే పొట్టి మేకులు).

దవడకి తోలు అతికిస్తే కొంచెం బిగింపుకే చెక్క ఆగుతుంది, మెత్తటి చెక్క నొక్కుకుపోదు. స్క్రూకి గ్రీజు దట్టంగా పూస్తే రంపపు పొట్టంతా దానికే అంటుకుంటుంది, అందుకే బ్రష్‌తో దులిపి మైనం రుద్దుతా, తేలిగ్గా తిరుగుతుంది.