బరువు ఎప్పుడు చూశారు?

కొన్ని ల్యాబులు కలిసి చేసే మా న్యూరోసైన్స్ ప్రాజెక్టులో నాలుగు నెలల డేటాని అయోమయంలో పడేసింది స్ప్రెడ్‌షీట్‌లోని ఒకే ఒక్క కాలమ్. దాని పేరు "బరువు".

ఎలుకకి ఒక పని నేర్పించి, అది నిర్ణయం తీసుకునేటప్పుడు మెదడులో న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఏం చేస్తున్నాయో రికార్డ్ చేసే ప్రయోగాలు మావి. సరిగ్గా చేసినప్పుడల్లా దానికో నీటి చుక్క దొరుకుతుంది, అందుకే మిగతా సమయంలో నీళ్లు కొలిచి ఇస్తాం. మొదట ఉన్న బరువులో 80, 85 శాతం కన్నా తగ్గకూడదని చాలాచోట్ల హద్దు పెట్టుకుంటారు, తగ్గితే వెంటనే నీళ్లు పెంచాలి. కాబట్టి రోజూ తూస్తారు. ఇందులో చెప్పడానికేముంది అనుకుని మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఒక ల్యాబ్ వాళ్లు ఎలుకతో పని చేయించే సెషన్‌కి ముందు తూచారు, ఇంకో ల్యాబ్ వాళ్లు అయ్యాక తూచారు. సెషన్‌లో ఎలుక సుమారు ఒక మిల్లీలీటరు నీళ్లు తాగుతుంది, అంటే ఒక గ్రాము. ఎలుకే 20, 25 గ్రాములుంటుంది! హద్దు దగ్గర ఉన్న ఎలుక ఒక కాగితం మీద క్షేమంగా ఉన్నట్టు, ఇంకో కాగితం మీద వెంటనే నీళ్లు ఇవ్వాల్సినట్టు కనిపిస్తుంది. పైగా ఒక ల్యాబ్ ఎలుకలకి దాహం తక్కువేమో, అందుకే మెల్లగా నేర్చుకుంటున్నాయేమో అనుకున్నాం, వారాల తరబడి కోడ్‌లో కూడా తప్పు వెతుక్కున్నాం. చివరికి ఒక పీహెచ్‌డీ విద్యార్థి వేరే పని మీద ఆ ల్యాబ్‌కి వెళ్లి, పక్కన నిలబడి చూసి, ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, వాళ్లు బరువు తూచే సమయం వేరని చెప్పాడు.

ఆ ఫోన్ తర్వాత నా పని ఏంటో నాకు మళ్లీ కొత్తగా అర్థమైంది. అప్పటిదాకా గడువులు, మీటింగులు, బడ్జెట్ అనుకున్నా. అవీ ఉంటాయి, కానీ అసలు పని వేరే ఉంది. ప్రతి ల్యాబ్‌లో "ఇది అందరికీ తెలిసిందేగా" అని ఎవరూ రాయని సంగతులుంటాయి. వాటిని డేటా మొదలవ్వకముందే బయటికి లాగి, కూర్చోబెట్టి, గొడవ పడైనా సరే, రాయించాలి.

ఈ విషయంలో నాకు బాగా నచ్చేది ఇంటర్నేషనల్ బ్రెయిన్ ల్యాబొరేటరీ, అంటే వేర్వేరు దేశాల ల్యాబులు కలిసి నడిపే ప్రాజెక్టు. 2017లో మొదలైంది. వాళ్లు ముందు మెదడు జోలికి వెళ్లకుండా, ఒకే పనిని ఒకే పరికరాలతో ఎలుకలకి వేర్వేరు ల్యాబుల్లో నేర్పిస్తే ఒకేలా చేస్తాయా అన్నదొక్కటే పరీక్షించారు. మూడు దేశాల్లో ఏడు ల్యాబులు, 140 ఎలుకలు, 50 లక్షల నిర్ణయాలు. నేర్చుకునే వేగంలో తేడాలొచ్చాయి, నేర్చుకున్నాక మాత్రం ప్రవర్తన ల్యాబుల మధ్య బాగా కలిసింది. ఆ ఫలితం 2021లో వచ్చింది. నిర్ణయం తీసుకునేటప్పుడు మెదడు మొత్తంలో న్యూరాన్లు ఏం చేస్తాయో చూపే మ్యాప్ 2025లో వచ్చింది: 12 ల్యాబులు, 139 ఎలుకలు, ఆరు లక్షలకు పైగా న్యూరాన్లు. గ్రాంట్ ఇచ్చినవాళ్లు ఫలితాలేవి అని అడుగుతుంటే అన్నేళ్లు పునాది దగ్గరే నిలబడటం ఎంత టెన్షనో ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

గొడవ ఆలస్యంగా వస్తే ఏమవుతుందో హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టులో చూశాం. మెదడుని కంప్యూటర్‌లో అనుకరించాలన్న పెద్ద ప్రాజెక్టు అది, 2013లో యూరప్‌లో మొదలైంది. 2014 జూలైకల్లా వందమందికి పైగా న్యూరోసైంటిస్టులు యూరోపియన్ కమిషన్‌కి బహిరంగ లేఖ రాశారు, లక్ష్యం మరీ ఇరుకైపోయిందని, నిర్వహణ బాగాలేదని. మధ్యవర్తుల్ని పెట్టి, నిర్వహణ పద్ధతి మార్చాక ప్రాజెక్టు 2023 దాకా నడిచింది, పనికొచ్చే పనులూ చేసింది. కానీ ఏది ముఖ్యం, ఎవరు నిర్ణయిస్తారు అన్న ఆ ప్రశ్నలు డబ్బు రాకముందు అడగాల్సినవి.

డేటా చేతికొచ్చాక కూడా అంతే. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనిచేసే తీరుని చూపే స్కాన్) డేటాని 70 బృందాలకి ఇచ్చి తొమ్మిది ప్రశ్నలడిగితే, ఏ రెండు బృందాలూ అచ్చం ఒకే పద్ధతి వాడలేదు, కొన్ని ప్రశ్నలకి జవాబులు బాగా వేరయ్యాయి. అందరూ నిపుణులే. అందుకే విశ్లేషణ పద్ధతిని కూడా ముందే రాసిపెట్టుకోవాలని నేను పట్టుబడతాను. ఫైళ్ల ఫార్మాట్ గురించి పెద్దగా వాదించను, న్యూరోసైన్స్ డేటా కోసం న్యూరోడేటా వితౌట్ బోర్డర్స్ లాంటి ఉమ్మడి ఫార్మాట్ ఉంది, వాడేయండి.

ఇక పేపర్ మీద ఎవరి పేరు ముందు? దీని గురించి మాట్లాడటానికి అందరూ మొహమాటపడతారు, పెద్ద ప్రొఫెసర్లు మరీను. నష్టపోయేది మాత్రం పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవాళ్లు), విద్యార్థులు. మూడేళ్లు అందరికోసం పరికరాలు సరిచేసి, డేటా శుభ్రం చేసిన అమ్మాయి ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు ఏం చూపించుకోవాలి? నలభై పేర్లలో ఇరవయ్యో పేరా? మేం ఆలస్యంగానైనా ఒక పని చేశాం. ఎవరు ఏ పని చేశారో పేపర్ రాసే రోజు గుర్తుచేసుకోకుండా, ప్రతి నెలా రాసుకుంటున్నాం. కోడ్ రాసినవాళ్లు, జంతువుల్ని చూసుకున్నవాళ్లు, మాన్యువల్ రాసినవాళ్లు, అందరివీ. దీనివల్ల అందరికీ న్యాయం జరిగిపోయిందని అనను. కనీసం పని చేసినవాళ్లు మనిషి మనిషినీ బతిమాలుకోవాల్సిన అవసరం తగ్గింది.

వచ్చే నెల ఇంకో ల్యాబ్ మాతో కలుస్తోంది. మాన్యువల్ పంపించాం, రెండు వీడియో మీటింగులు అయ్యాయి, అన్నీ అర్థమయ్యాయన్నారు. అయినా మా పోస్ట్‌డాక్ ఒకరిని వారం పాటు అక్కడికి పంపిస్తున్నా. ఏమీ నేర్పించొద్దని, పొద్దున తలుపు తీసిన దగ్గర్నుంచి లైట్లు ఆర్పేదాకా వాళ్లు చేసేవన్నీ చూసి రాసుకురమ్మని చెప్పాను. బరువు ఎప్పుడు తూస్తారో కూడా.