మాత్ర వేయాలా వద్దా: మాకు ఎనిమిది నెలలు పట్టింది

మా పాప అల్లరి చేయదు. ముందే ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అనగానే కుర్చీలెక్కి దూకే మగపిల్లాడే అందరి కళ్లలో మెదులుతాడు. నాకూ అంతే. మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. కూర్చోమంటే కూర్చుంటుంది, కానీ మనసు అక్కడ ఉండదు. ఒక షూ లేసు కట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని పది నిమిషాలు అలాగే ఉండిపోతుంది. హోంవర్క్ చేస్తుంది, ఇవ్వడం మర్చిపోతుంది. చెప్పిన మూడు పనుల్లో మొదటిది చేసి వచ్చి, రెండోది ఏమిటో గుర్తురాక నా మొహం చూస్తుంది.

"పరధ్యానం అంతే. మా వాడూ ఇలాగే ఉండేవాడు, పెద్దయ్యాక అదే సర్దుకుంది" అన్నారు మా అత్తయ్యగారు. మా వాడంటే మావారు.

టీచర్ మాత్రం ఒక రోజు నన్ను ఆపి చెప్పింది. "పాప చాలా మంచిదండీ. క్లాసులో అందరూ అర్థమైందని తలూపితే తనూ ఊపుతుంది. ఏం అర్థమైందమ్మా అంటే బిక్కమొహం వేస్తుంది. పక్కవాళ్లని చూసి ఊపుతోందని నాకు అనుమానం." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఇంట్లోనూ నేను "విన్నావా?" అంటే "ఆఁ విన్నాను" అని వెంటనే అనేది. నేను ఏం చెప్పానో తనకి తెలిసేది కాదు. తిట్లు పడకుండా తను నేర్చుకున్న ఉపాయం అది.

రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో తేలే సమస్య కాదిది. అందుకే డాక్టర్‌గారు ముందు వేరే కారణాలు ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ వచ్చారు. కళ్లు, చెవులు చూపించాం. నిద్ర సరిగా పడుతోందా, గురక పెడుతుందా అని అడిగారు. శూన్యంలోకి చూస్తూ ఉండిపోయినప్పుడు భుజం తడితే పలుకుతుందా అని రెండుసార్లు అడిగారు. కొన్ని రకాల మూర్ఛల్లో పిల్లలు పడిపోరట, కొన్ని సెకన్లు అలా చూస్తూ ఉండిపోతారట, అప్పుడు తట్టినా పలకరట. మా పాప తడితే ఉలిక్కిపడి ఈ లోకంలోకి వచ్చేది.

తర్వాత వాండర్‌బిల్ట్ ప్రశ్నావళి ఇచ్చారు. తల్లిదండ్రులకి 55 ప్రశ్నలు, టీచర్‌కి 43. అందులో మొదటి 9 ఏకాగ్రతకి సంబంధించినవి. వాటిలో కనీసం 6 "తరచుగా" లేదా "చాలా తరచుగా" అయ్యుండాలి. లక్షణాలు ఆరు నెలలకు తగ్గకుండా, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి, 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. మావారినీ నన్నూ విడివిడిగా నింపమన్నారు. నేను 8 పెట్టాను, టీచర్ 7. మావారు 3. "మూడేనా?" అంటే "మిగతావి అందరికీ ఉండేవేగా" అన్నారు. ఆ అందరిలో మొదటివారు ఆయనే అని నాకు అప్పుడు తట్టలేదు.

చివరికి ఏకాగ్రత లోపం ప్రధానంగా ఉన్న రకం అని తేల్చారు. ఆరేళ్లలోపు పిల్లలకి ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇవ్వాలని, ఆరు దాటినవాళ్లకి మందూ శిక్షణా రెండూ కలిపి ఇవ్వడం మేలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మార్గదర్శకాలు చెప్తాయట. డాక్టర్‌గారూ అదే సూచించారు. మేం "ముందు శిక్షణ చూస్తాం" అని మాత్రల సంగతి పక్కన పెట్టాం. పక్కన పెట్టడం కూడా ఒక నిర్ణయమేనని అప్పుడు అనుకోలేదు.

శిక్షణ పనికిరాలేదని అనను. ఒకసారికి ఒకే పని చెప్పడం, చెప్పేముందు దగ్గరికెళ్లి కళ్లలోకి చూడటం, పొద్దున చేయాల్సినవి బొమ్మలు గీసి తలుపుకి అంటించడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం నేర్చుకున్నాం. ఇంట్లో అరుపులు సగానికి తగ్గాయి. అవి నా అరుపులే లెండి. కానీ నలభై మంది ఉన్న క్లాసులో తన కళ్లలోకి చూసి చెప్పేదెవరు? అక్కడ ఏమీ మారలేదు.

ఈలోగా సలహాలు. తీపి మాన్పించమని ఒకరు, ఫోన్ లాక్కోమని ఒకరు. తీపి తింటే పిల్లలు గెంతుతారన్నది పరీక్షల్లో నిలబడని నమ్మకం. నిలబడినా మా పాప అసలు గెంతనే గెంతదు, ఇంక ఏం మాన్పించాలి?

అసలు గొడవ మా ఇద్దరి మధ్యే. మావారి భయం ఒక్క మాటలో, "ఎనిమిదేళ్ల పిల్లకి మత్తుమందు అలవాటు చేస్తావా?" నేను దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. డాక్టర్‌గారు చెప్పిన మాత్ర మిథైల్‌ఫెనిడేట్. అది నిన్నగాక మొన్న వచ్చిన మందు కాదు, 1944లో తయారైంది. కనిపెట్టిన రసాయన శాస్త్రవేత్త తన భార్య రీటా పేరు మీద రిటాలిన్ అని పెట్టాడు. మెదడు కణాల మధ్య డోపమైన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాలు విడుదలవుతాయి, ఆ కణాలే మళ్లీ వాటిని వెనక్కి లాగేసుకుంటాయి. ఈ మందు ఆ లాగడాన్ని అడ్డుకుంటుంది. డాక్టర్ చెప్పిన మోతాదులో చిన్నప్పుడు వాడినందువల్ల పెద్దయ్యాక వ్యసనాల ముప్పు పెరిగినట్టు అధ్యయనాల్లో తేలలేదు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చాను.

ఆయనా చదివారు, అదే తంటా అయింది. 1999లో ప్రచురించిన ఎంటీఏ అనే పెద్ద అమెరికా అధ్యయనం ఉంది. 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 579 మందిని నాలుగు గుంపులు చేసి 14 నెలలు చూశారు. జాగ్రత్తగా సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లల్లో అసలు లక్షణాలు, ఒట్టి శిక్షణ పొందినవాళ్లకన్నా బాగా తగ్గాయి. ఇది నా వాదం. మూడేళ్లు గడిచేసరికి ఆ గుంపుల మధ్య తేడా కనిపించకుండా పోయింది, పైగా మందు ఆపకుండా వాడినవాళ్లు సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ ఎదిగారు. ఇది ఆయన వాదం. ఒకే అధ్యయనం పట్టుకుని ఇద్దరం వారం రోజులు మాట్లాడుకోవడం మానేశాం.

కాగితాలతో తేలని సంగతి ఒక పరీక్ష రోజు తేలింది. కాపీ కొడుతోందని పాపని పట్టుకున్నారు. ఎడమ చేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా పెన్నుతో ఏదో రాసి ఉంది. మమ్మల్ని పిలిపించారు. టీచర్ అప్పటికే అది చదివేసిందేమో, మా మొహంలోకి చూడలేకపోయింది. మావారు పాప చెయ్యి పట్టుకుని చదివారు.

"నీళ్ల సీసా. లెక్కల బుక్. వెనక పేజీలో కూడా ప్రశ్నలు ఉంటాయి. పేరు రాయి."

అంతకుముందు రెండు పరీక్షల్లో పేపర్ మీద పేరు రాయడం మర్చిపోయింది.

ఇంటికొచ్చాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి అన్నారు, "నేను చెప్పులో చీటీలు పెట్టుకునేవాడిని." పదో తరగతిదాకా అదే పనట. ఇంటర్ ఒకసారి తప్పారని తెలుసు, పరీక్ష తేదీ తప్పుగా గుర్తుపెట్టుకుని వెళ్లలేదని ఆ రోజే తెలిసింది. ఇంట్లో జ్వరమని చెప్పారట. ఇన్నేళ్లుగా మా అత్తయ్యగారు "అదే సర్దుకుంది" అంటూ వచ్చింది దీన్నే. ఈ లక్షణం కుటుంబాల్లో బలంగా దిగుతుందని డాక్టర్‌గారు మొదటి రోజే చెప్పారు. ఆ రోజు నేను మా పుట్టింటివాళ్లని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు ఆయనే డాక్టర్‌కి ఫోన్ చేశారు. ఒప్పుకున్నారని కాదు, అడగాల్సినవి ఉన్నాయన్నారు. మొదలుపెడితే జీవితాంతం వాడాలా అన్నది మొదటి ప్రశ్న. డాక్టర్‌గారు నవ్వి, "మీరు పెళ్లి సంబంధం చూస్తున్నట్టు ఆలోచిస్తున్నారు. ఇది చొక్కా తొడిగి చూడటం లాంటిది. నాలుగు వారాలు చూద్దాం, నప్పకపోతే విప్పేద్దాం" అన్నారు. తక్కువసేపు పనిచేసే రకం మాత్ర ప్రభావం మూడు నాలుగు గంటలేనట. పొద్దున వేసినది సాయంత్రానికి ఉండదు. ఎనిమిది నెలలుగా మా నెత్తి మీద బండలా కూర్చున్న ప్రశ్న ఆ మాటతో నాలుగు వారాల పనిగా మారింది. ఈ మాట ముందే అడిగి ఉంటే బాగుండేది. మేం మంచిదా చెడ్డదా అనే అడుగుతూ వచ్చాం, ఎలా ఆపొచ్చో అడగలేదు.

వెంటనే మొదలుపెట్టలేదు. ఎత్తు, బరువు, బీపీ, నాడి రాసుకున్నారు. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లున్నారా అని అడిగారు. మా మామగారి తమ్ముడు ముప్పై నిండకముందే నిద్రలో పోయారు. అది చెప్పగానే ఈసీజీ, గుండె డాక్టర్ అన్నారు. దానికి ఇంకో మూడు వారాలు. ఇబ్బంది లేదని తేలింది. నేను అడిగినా అడక్కపోయినా చెప్పాల్సిన విషయమే అది, కానీ డాక్టర్ అడిగేదాకా నాకు ఆయన గుర్తే రాలేదు.

మొదటి వారం పొద్దున 5 మిల్లీగ్రాములు. రెండో వారం పొద్దున 5, మధ్యాహ్నం 5. మూడో వారం రెండు పూటలా 10. ఇవి మా పాప లెక్కలు, ఇంకో పిల్లకి వేరు. ఏ వారం ఎంతో టీచర్‌కి చెప్పవద్దన్నారు. ఆమె శుక్రవారం శుక్రవారం ఒక చిన్న కాగితం నింపి పంపేది.

మొదటి రోజు నేను పాప మొహమే చూస్తూ కూర్చున్నాను, ఏదో మెరుపు మెరుస్తుందన్నట్టు. ఏమీ లేదు. మూడో రోజో నాలుగో రోజో బడి నుంచి వచ్చి, "అమ్మా, ఇవాళ టీచర్ కథ మొత్తం చెప్పారు" అంది. రోజూ మొత్తమే చెప్తారు కదే అంటే, "ఉహూ, మధ్యలో ఉండదు" అంది.

రెండో వారం టీచర్ కాగితం బాగా వచ్చింది. మూడో వారం ఇంకా బాగా వచ్చింది. కానీ ఆ మూడో వారమే పాప పాడటం మానేసింది. స్నానానికెళ్తే పాట లేదు, బొమ్మలతో మాటల్లేవు. అడిగినదానికి జవాబిచ్చి ఊరుకునేది. టీచర్ లెక్కలో అది మంచి వారం, మా లెక్కలో కాదు. డాక్టర్‌గారికి చెప్తే మరో మాట లేకుండా మోతాదు తగ్గించారు, పాట తిరిగొచ్చింది. నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చింది ఇదే. తగ్గించమంటే తగ్గుతుంది.

మిగతా ఇబ్బందులు ఉన్నాయి. మధ్యాహ్నం లంచ్ బాక్స్ అలాగే తిరిగొస్తుంది. అందుకే మాత్రకి ముందే కడుపునిండా పెట్టి, ప్రభావం దిగాక రాత్రి ఇంకోసారి పెడతాను. సాయంత్రం మాత్ర దిగే వేళకి అరగంట చిరాకు, పెన్సిల్ ముల్లు విరిగినా ఏడుపు. ఆ అరగంట ఏమీ అడగకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. బడిలో మధ్యాహ్నం మాత్ర కోసం అందరి ముందూ లేచి వెళ్లడం తనకి సిగ్గుగా ఉందంటే, పొద్దున ఒక్కసారి వేస్తే బడి వేళంతా పనిచేసే రకానికి మార్చారు. ఇది కుదరకపోతే అటోమోక్సెటిన్ అని వేరే తరహా మందు ఉందనీ, దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందనీ చెప్పారు. మాకు ఇప్పటిదాకా అవసరం రాలేదు.

మాత్ర ఎందుకని పాప అడిగినప్పుడు మావారే చెప్పారు. "నీ చెయ్యి మీద రాసుకున్నావే, ఆ జాబితా లోపల నుంచి గుర్తుచేయడానికి." పాప కాసేపు ఆలోచించి, "మరి నువ్వెందుకు వేసుకోవు నాన్నా?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. తన కోసం అపాయింట్‌మెంట్ తీసుకుంటానని మూడు నెలలుగా అంటున్నారు. మర్చిపోతున్నారు.

సెలవుల్లో ఆపాలా వద్దా అన్నదాని మీద మాకింకా ఒకే మాట లేదు. ఆ 2 సెంటీమీటర్లు ఆయన మనసులోంచి పోలేదు. పడకగది తలుపు పక్కన గోడ మీద ప్రతి నెలా మొదటి ఆదివారం పాపని నిలబెట్టి, నెత్తి మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీస్తారు, పక్కన తేదీ వేస్తారు. ఇప్పటికి ఏడు గీతలు. ఐదో గీతకీ ఆరో గీతకీ మధ్య ఖాళీ కాస్త తక్కువగా ఉందని ఆయనంటారు, స్కేలు వంకరగా పెట్టారని నేనంటాను. వచ్చే నెల డాక్టర్‌గారి దగ్గర కొలుస్తారు.