ఫాక్టర్ పనిచేయని రాత్రి

నాకు తీవ్రమైన హీమోఫీలియా ఎ, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని పుట్టు జబ్బు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫాక్టర్ 8 అనే ప్రోటీన్ ఒంట్లో ఒక్క శాతం కూడా ఉండదు. ఎక్కడైనా రక్తస్రావమైతే ఫాక్టర్ ఎక్కించుకోవడం, తగ్గిపోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే. మోకాలి ఆపరేషన్‌కి వరసగా చాలా రోజులు ఎక్కించారు, అంతా బాగానే జరిగింది. కొన్ని వారాలకు ఒక రాత్రి ఎడమ గజ్జలో నొప్పి మొదలైంది.

కాలు చాపలేను. మోకాలు పొట్టకేసి ముడుచుకుంటేనే కాస్త ఊపిరి ఆడేది. తొడ ముందుభాగం మొద్దుబారింది. నడుము లోపలి సోయాస్ కండరంలోకి రక్తం కారుతోందని తర్వాత స్కానింగ్‌లో తేలింది. ఆసుపత్రిలో ఫాక్టర్ ఇచ్చారు, మళ్ళీ ఇచ్చారు. నొప్పి పెరుగుతూనే ఉంది. డ్యూటీ డాక్టర్ వచ్చి, "ఇంత మందు వేశాక ఇంకా నొప్పేంటి? ఇంజెక్షన్లకి అలవాటు పడ్డట్టున్నావు" అన్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడి వింది. తన జన్యువుల వల్లే నాకీ జబ్బు వచ్చిందని అసలే కుమిలిపోయే మనిషి. ఆ డాక్టర్ మాట నేను ఇవాళ్టికీ క్షమించలేదు.

తెల్లారాక మా హెమటాలజిస్ట్ మేడమ్ వచ్చారు. "ఫాక్టర్ ఎప్పటిలా పట్టట్లేదా?" అని ఒక్కటే అడిగి, ఫాక్టర్‌ను అడ్డుకునే ఇన్హిబిటర్లు రక్తంలో ఉన్నాయేమో చూసే పరీక్షకు పంపారు. వాటిని కొలిచే లెక్కలో 14 బెథెస్డా యూనిట్లు వచ్చాయి. 5 దాటితేనే ఎక్కువ కింద లెక్క. ఇన్నాళ్ళూ నన్ను కాపాడిన మందును నా ఒళ్ళే పరాయిదనుకుని యాంటీబాడీలతో అడ్డుకుంటోంది! ఇది ఎక్కువగా పిల్లల్లో, ఫాక్టర్ వాడిన మొదటి 50 రోజుల్లోనే వస్తుందట. ఆపరేషన్ల తర్వాత పెద్దవాళ్ళకీ రావచ్చు.

ఫాక్టర్ 8ని పక్కనపెట్టి, అది లేకుండానే రక్తం గడ్డకట్టించే ఫాక్టర్ 7ఎ మొదలుపెట్టారు, రెండేసి గంటలకోసారి. రాత్రిళ్ళు నా నిద్ర చెడకుండా ఆ సూదిమందు ఇచ్చి వెళ్ళిన నర్సమ్మకు చేతులెత్తి మొక్కాలి. మూడో రోజుకి కాలు కాస్త చాపగలిగాను.

ఇప్పుడు వారానికోసారి ఎమిసిజుమాబ్ అనే ఇంజెక్షన్ చర్మం కింద వేసుకుంటున్నాను. ఇది ఫాక్టర్ 8 చేసే పనే చేస్తుంది, ఆ యాంటీబాడీలకు మాత్రం దొరకదు. దేవుడి దయ అంటుంది అమ్మ, నేనూ కాదనను.

హీమోఫీలియా ఉన్నవాళ్ళకు ఒక్క మాట. ఫాక్టర్ ఎప్పటిలా పనిచేయకపోతే అది మీ భ్రమ కాదు. ఇన్హిబిటర్ పరీక్ష చేయమని గట్టిగా అడగండి. ఎమిసిజుమాబ్ వాడుతుంటే ఆ సంగతి ప్రతి డాక్టర్‌కీ ముందే చెప్పండి. ఈ మందు వాడేటప్పుడు ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్ష) మామూలుగా వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు.

రాత్రి మెలకువ వస్తే ఇప్పటికీ ముందు ఎడమ కాలు చాపి చూసుకుంటాను.